సాయంత్రపు గంటలతో డేటాబేస్ డ్రైవర్‌ను నిర్వహించడం ఎలా

ప్రోగ్రామ్‌కూ డేటాబేస్‌కూ మధ్య నిలబడి, ఇటు విలువలను అటు బైట్లుగా, అటు బైట్లను ఇటు విలువలుగా మార్చే లైబ్రరీని డేటాబేస్ డ్రైవర్ అంటాము. బ్యాంకు పద్దయినా, బడి హాజరయినా, దుకాణం బిల్లయినా దాని గుండానే పోవాలి. అది సరిగా పనిచేసినంత కాలం దాని పేరు కూడా ఎవరికీ గుర్తుండదు. కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్‌లో ఉన్న ఇలాంటి డ్రైవర్లలో చాలావాటిని పగలంతా ఉద్యోగం చేసి వచ్చిన మనుషులు, జీతం లేకుండా, తమ సాయంత్రాల్లో చూసుకుంటున్నారు. హన్మకొండలో మేము నలుగురం కొన్నేళ్లుగా పోస్ట్‌గ్రెస్ అనే ఓపెన్ సోర్స్ డేటాబేస్‌కు ఒక డ్రైవర్‌ను ఈ పద్ధతిలోనే నిర్వహిస్తున్నాము. ఇలాంటి బాధ్యత చేపట్టబోయేవారికి, ఇప్పటికే చేపట్టి అలసిపోతున్నవారికి పనికివస్తుందని మా పద్ధతులను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మా వైపు చెరువులకు నీరటి ఉంటాడు. చెరువు ఆయనది కాదు, దాని కింది పొలాలూ ఆయనవి కావు. కానీ ఏ తూము ఎంత ఎత్తితే చివరి మడికి నీరు చేరుతుందో, మత్తడి ఎప్పుడు దూకుతుందో, కట్ట ఎక్కడ మెత్తబడిందో ఆయనకు తెలుసు. డ్రైవర్ నిర్వాహకుడి పని కూడా ఇలాంటిదే. ఇందులో కొత్తగా కట్టేది తక్కువ, ఉన్నదాన్ని కనిపెట్టుకుని ఉండవలసింది ఎక్కువ. కాబట్టి వారానికి మన దగ్గర నిజంగా ఉన్న గంటలెన్నో ముందుగా లెక్కవేసుకుని, ఆ గంటల్లో ఇమిడే పనికే మాట ఇవ్వాలి. మాకు నలుగురికీ కలిపి వారానికి ఎనిమిది గంటలు దాటవు. కింద చెప్పేవన్నీ ఆ ఎనిమిది గంటలను దృష్టిలో పెట్టుకుని కుదుర్చుకున్నవే.

ముందు హద్దులు రాసి పెట్టండి

డ్రైవర్ ఏ సర్వర్ (డేటాబేస్‌ను నడిపే ప్రోగ్రామ్) వెర్షన్లతో పనిచేస్తుందో, ఏవి డ్రైవర్ పనులు కావో, జవాబు ఎన్నాళ్లలో ఆశించవచ్చో ప్రాజెక్టు మొదటి పేజీలోనే రాయాలి. వెర్షన్ల సంగతి సులభం. పోస్ట్‌గ్రెస్ ప్రతి ప్రధాన వెర్షన్‌కు ఐదేళ్ల మద్దతు ఇస్తుంది. 2020లో వచ్చిన 13వ వెర్షన్‌కు ఆ గడువు 2025 నవంబరులో తీరిపోయింది. మనమూ అదే గడువును పాటిస్తే, పదేళ్ల కిందటి సర్వర్‌ను నడుపుతున్నవారు వచ్చి అడిగినప్పుడు కొత్తగా వాదించవలసిన అవసరం ఉండదు. ఒక పాత వెర్షన్‌ను వదిలేటప్పుడు దానితో పనిచేసే చివరి రిలీజ్ నంబరును అక్కడే రాసి పెట్టడం మర్యాద.

కష్టమంతా రెండవ అంశంలో ఉంది. టేబుళ్ల నుంచి క్లాసులు తయారుచేయమని, మైగ్రేషన్లు (టేబుళ్ల అమరికలో మార్పులు) నడపమని, క్వెరీలను (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలను) కట్టి ఇవ్వమని అడుగుతూనే ఉంటారు, కొందరు కోడ్ రాసి తెచ్చి ఇస్తారు కూడా. ఇచ్చినవారు ఒక ఆదివారంలో రాసి వెళ్లిపోతారు, దాన్ని ఏళ్ల తరబడి మోయవలసింది మనమే. మొదటి రెండేళ్లలో మొహమాటానికి పోయి మేము ఇలాంటివి మూడు కలుపుకున్నాము, తరువాత వాటిని బయటకు తీయడానికే ఒక ప్రధాన రిలీజ్ ఖర్చయింది. ఇప్పుడు మా జవాబు ఒకటే: డ్రైవర్‌ను మార్చకుండా దాని పైన వేరే లైబ్రరీగా రాయగలిగినదేదీ డ్రైవర్‌లోకి రాదు. అలా రాయడానికి అవసరమైన ద్వారం డ్రైవర్‌లో లేకపోతే, ఆ ద్వారాన్ని మాత్రం సంతోషంగా కల్పిస్తాము.

ప్రోటోకాల్ పత్రాన్ని చదవండి, బైట్లను లెక్కపెట్టండి

డ్రైవర్‌ను చేతిలోకి తీసుకునేవారు మొదట చదవవలసింది పాత కోడ్‌ను కాదు, సర్వర్‌తో సందేశాలు ఏ రూపంలో నడవాలో చెప్పే ప్రోటోకాల్ పత్రాన్ని. పోస్ట్‌గ్రెస్ ప్రోటోకాల్ 3.0 2003లో 7.4 వెర్షన్‌తో వచ్చింది, నేటికీ ఎక్కువ డ్రైవర్లు మాట్లాడేది అదే. అందులో ప్రతి సందేశానికీ ముందు దాని రకాన్ని చెప్పే ఒక బైటు, తరువాత నిడివిని చెప్పే నాలుగు బైట్లు, ఆ తరువాత అసలు సమాచారం ఉంటాయి. ఆ నాలుగు బైట్లు కూడా నిడివి లెక్కలోకే వస్తాయి గానీ రకం బైటు రాదు. కనెక్షన్ తెరిచేటప్పుడు పంపే తొలి సందేశానికి మాత్రం రకం బైటే ఉండదు. ఇలాంటి చిన్న మినహాయింపులను పత్రంలో చదవకుండా, పాత కోడ్ చూసి ఊహించుకున్నచోటే తప్పులు పుడతాయి.

ఎనుమాముల మార్కెట్‌లో అడ్తిదారులకు తక్‌పట్టీలు (సరుకు అమ్మకపు చీటీలు) అచ్చువేసే ప్రోగ్రామ్ రాసిన ఒక యువకుడు మాకు ఒక లోపాన్ని తెలియజేశారు. రైతు ఊరి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఎక్కుతోంది, తెలుగులో రాస్తే సందేశంలో సరిపడా డేటా మిగలలేదంటూ 08పి01 అనే లోపం వస్తోంది. ఆయన పంపిన ఉదాహరణలో ఊరి పేరు ‘వరంగల్’, అది క్వెరీలో చివరి విలువ. ఆ మాటలో వ, ర, సున్న, గ, ల, పొల్లు అని ఆరు సంకేతాలున్నాయి. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ మూడు బైట్లు, మొత్తం 18. విలువకు ముందు పంపే నిడివిని మా కోడ్ ఒకచోట బైట్లలో కాక సంకేతాల్లో లెక్కపెట్టి 6 అని పంపుతోంది. సర్వర్ ఆ 6ను నమ్మి ‘వర’ వరకే తీసుకుని, విలువ అయిపోయిందనుకుని, ఆ తరువాత ఉండవలసిన రెండు బైట్ల సంఖ్యను చదవబోయింది. ఫలితాలకు ఎన్ని ఫార్మాట్లు రాశామో చెప్పే సంఖ్య అది. దాని స్థానంలో సున్న మొదటి రెండు బైట్లు చిక్కి 57,520గా కనిపించాయి. అన్ని ఫార్మాట్లు సందేశంలో లేవు కాబట్టి సర్వర్ సందేశాన్నే తిరస్కరించింది. ఇంగ్లీషు అక్షరం ఒక్కటే బైటు కావడం వల్ల ఈ తప్పు మా టెస్టుల్లో ఎన్నడూ బయటపడలేదు.

సరిచేయడానికి ఒక్క లైను చాలింది. కానీ తెలుగువాళ్లం రాసిన డ్రైవర్‌లో తెలుగు మాటతో ఒక్క టెస్టు కూడా లేకపోవడం మమ్మల్ని ఎంతో బాధించింది. అప్పటి నుంచి ప్రతి అక్షర పరీక్షలోనూ ఒక తెలుగు ఊరు, ఒక ఒత్తుల మాట, నాలుగు బైట్లు తీసుకునే ఒక ఎమోజీ తప్పనిసరి. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌కు డ్రైవర్ చూసుకునేవారికి ఎమోజీ పరీక్ష మరింత ముఖ్యం. అక్కడ పాత యూటీఎఫ్8 అనే అక్షరమాల మూడు బైట్లకే పరిమితం కాబట్టి తెలుగు ఎక్కుతుంది గానీ ఎమోజీ ఎక్కదు, దానికి 2010లో 5.5.3తో వచ్చిన యూటీఎఫ్8ఎంబీ4 కావాలి.

అసలు సర్వర్ మీదే పరీక్షించండి

సర్వర్‌ను అనుకరించే నకిలీ కోడ్‌తో నడిపే టెస్టులు మన ఊహలను మనకే తిరిగి చెబుతాయి. మద్దతు ఇచ్చే ప్రతి సర్వర్ వెర్షన్‌నూ కంటైనర్‌లో (విడిగా నడిచే చిన్న పరిసరంలో) లేపి, అన్ని టెస్టులనూ ప్రతి మార్పుకూ వాటి మీద నడపాలి. తెరిచిన కనెక్షన్లను చాలామందికి వంతులవారీగా పంచే పీజీబౌన్సర్ లాంటి పూలర్ వెనుక కూడా అవే టెస్టులను ఒకసారి నడపాలి, ఎందుకంటే లావాదేవీకొక కనెక్షన్ మారే పద్ధతిలో, ముందుగా సిద్ధం చేసి పేరు పెట్టుకున్న స్టేట్‌మెంట్లు 2023లో వచ్చిన పీజీబౌన్సర్ 1.21కు ముందరి వెర్షన్లలో పనిచేయవు.

పరీక్షల్లో చాలామంది మరిచిపోయేది కాలమండలం. ఆన్‌లైన్ టెస్టు యంత్రాలన్నీ సాధారణంగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి, అక్కడ సర్వర్ సమయం చివర +00 అని రెండంకెలే రాస్తుంది. ఆ రెండంకెలను చూసి రాసిన కోడ్ వరంగల్‌లో ఒక దుకాణం సర్వర్‌కు తగిలినప్పుడు +05:30 ఎదురై విరిగిపోతుంది. అందుకే మా టెస్టుల్లో ఒక వరుస ఏషియా/కోల్‌కతా కాలమండలంలోనే నడుస్తుంది. అదే మండలంలో 1850 నాటి తేదీని అడిగితే పోస్ట్‌గ్రెస్ +05:53:28 అని సెకన్లతో సహా ఇస్తుంది, దానినీ ఒక టెస్టుగా పెట్టుకున్నాము. పాత భూమి పత్రాలను డేటాబేస్‌లోకి ఎక్కించేవారికి అలాంటి తేదీలు నిజంగానే తగులుతాయి. బైనరీ రూపంలో సమయాన్ని చదివేటప్పుడు ఆ లెక్క 1970 నుంచి కాక 2000 జనవరి 1 నుంచి మైక్రోసెకన్లలో సాగుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

కనెక్షన్ మీద అనుమానం వస్తే మూసేయండి

డ్రైవర్ చేయగల తప్పులన్నిటిలో అతి ప్రమాదకరమైనది ఒకరి జవాబును మరొకరికి ఇవ్వడం. ఒక కనెక్షన్ మీద ప్రశ్నలు, జవాబులు వరుసలో సాగుతాయి. ప్రశ్న పంపాక, జవాబు పూర్తిగా చదవకముందే వినియోగదారుడు విసిగి పేజీ మూసేస్తే, ఆ పనిని ప్రోగ్రామ్ రద్దు చేస్తుంది. చదవని జవాబు మాత్రం కనెక్షన్‌లోనే మిగిలిపోతుంది. ఆ కనెక్షన్‌ను అలాగే పూల్‌కు, అంటే మళ్లీ వాడటానికి తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపుకు, తిరిగి ఇస్తే, తరువాత వచ్చినవారు తమ ప్రశ్న పంపి, ముందటివారి జవాబును అందుకుంటారు. ఎక్కడా లోపం కనిపించదు, ప్రోగ్రామ్ ఆగదు.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. 2023 మార్చి 20న చాట్‌జీపీటీలో కొందరికి ఇతరుల సంభాషణల శీర్షికలు కనిపించాయి. రెడిస్ అనే డేటాబేస్‌కు పైథాన్ భాషలో వాడే ఓపెన్ సోర్స్ లైబ్రరీలో, ప్రశ్న పంపిన తరువాత జవాబు తీసుకోకముందే పని రద్దయితే కనెక్షన్ వరుస తప్పేలా ఉన్న లోపమే అందుకు కారణమని ఆ సంస్థ స్వయంగా వెల్లడించింది. ప్రపంచమంతా వాడే సేవ కింద కూడా మనలాంటి వాళ్లు చూసుకునే ఒక డ్రైవర్ ఉంటుందని నాకు ఆ రోజు గట్టిగా తెలిసివచ్చింది.

కాబట్టి ఈ నియమాన్ని కోడ్‌లోనే బిగించండి: సర్వర్ ‘తరువాతి క్వెరీకి సిద్ధం’ అనే సందేశం పంపి, అది లావాదేవీ బయట ఉన్నట్టు తెలిపితే తప్ప ఏ కనెక్షన్‌నూ పూల్‌కు తిరిగి ఇవ్వకూడదు. లావాదేవీ మధ్యలో ఉంటే రోల్‌బ్యాక్ చేసి (చేసినదంతా వెనక్కు తీసి) చూడాలి. ఏ స్థితిలో ఉందో తేల్చుకోలేకపోతే కనెక్షన్‌ను మూసేయాలి. కొత్త కనెక్షన్ తెరవడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుందని కొందరు నొచ్చుకుంటారు, ఆ కొన్ని మిల్లీసెకన్ల కోసం మరొకరి బ్యాంకు పద్దును పణంగా పెట్టలేము. రద్దు అభ్యర్థనతో ఇంకో చిక్కుంది. పోస్ట్‌గ్రెస్‌లో అది వేరే కనెక్షన్ మీద వెళుతుంది, ఆలస్యంగా చేరితే మనం ఆపాలనుకున్న క్వెరీ అప్పటికే ముగిసి, దాని తరువాతిది ఆగిపోవచ్చు. రద్దు కనెక్షన్‌ను సర్వర్ మూసేవరకూ వేచి ఉండి, ఆ తరువాతే అసలు కనెక్షన్‌ను మళ్లీ వాడాలి. ఈ భాగానికి రాసే ప్యాచ్‌ను (కోడ్ మార్పును) ఇద్దరు చదవనిదే మేము కలపము. ఎంత చిన్నదైనా సరే, ఎంత అనుభవజ్ఞులు రాసినా సరే.

భద్రత

విలువలను క్వెరీ పాఠంలో అతికించకుండా ప్రోటోకాల్ ద్వారా విడిగా పంపడమే డ్రైవర్ ఇవ్వగల మొదటి రక్షణ. అతికించక తప్పని పద్ధతి ఏదైనా ఉంటే దాని చుట్టూ ఎంత జాగ్రత్త కావాలో 2024 ఫిబ్రవరిలో జావా పోస్ట్‌గ్రెస్ డ్రైవర్‌లో దిద్దిన లోపం చూపుతుంది. భద్రతా లోపాల జాబితాలో దాని సంఖ్య సివిఇ-2024-1597. సాధారణంగా వాడని ‘సింపుల్’ పద్ధతిలో, క్వెరీలో మైనస్ గుర్తు పక్కనే విలువ స్థానం ఉండి, ఆ విలువ కూడా -1 లాంటి రుణసంఖ్య అయితే, రెండు మైనస్‌లు కలిసి ఆ లైనులో మిగిలినదంతా సర్వర్ పట్టించుకోని వ్యాఖ్యగా మారిపోయేది. అదే లైనులో తరువాత అక్షర విలువ ఒకటి ఉంటే దాడిచేసేవారు అందులో కొత్త లైను పెట్టి తమ ఆదేశాన్ని చొప్పించగలిగేవారు. విలువను బ్రాకెట్లలో పెట్టడంతో ఆ దారి మూసుకుపోయింది. మీ డ్రైవర్‌లో అలాంటి పద్ధతి ఉంటే ఈ రోజే మైనస్ పక్కన మైనస్ పెట్టి చూడండి.

లోపాలను రహస్యంగా తెలియజేయడానికి ఒక చిరునామాను ముందే ప్రకటించాలి. ప్యాకేజీ ప్రచురించే ఖాతాలకు రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరిగా పెట్టాలి. పైథాన్ ప్యాకేజీల నిలయం పైపీఐ 2024 జనవరి 1 నుంచి దాన్ని అందరికీ తప్పనిసరి చేసింది. పాస్‌వర్డ్ ధ్రువీకరణలో కూడా కాలంతో నడవాలి. 2017లో పోస్ట్‌గ్రెస్ 10వ వెర్షన్‌తో వచ్చిన స్క్రామ్ అనే ధ్రువీకరణ పద్ధతి 2021లో 14వ వెర్షన్‌కు డీఫాల్ట్ అయింది, 18వ వెర్షన్ పాత ఎండీ5 పద్ధతిని వదిలించుకునే దారిలో పెట్టింది.

రిలీజ్‌లు, పండుగలు

పోస్ట్‌గ్రెస్ కొత్త ప్రధాన వెర్షన్ ఏటా సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుంది. తెలంగాణలో బతుకమ్మ, దసరా వచ్చేదీ అప్పుడే. 2025లో 18వ వెర్షన్ సెప్టెంబరు 25న వచ్చింది, అప్పటికి ఎంగిలిపూల బతుకమ్మ అయిపోయింది, సద్దుల బతుకమ్మ ముందుంది. మా నలుగురిలో ఎవరమూ ల్యాప్‌టాప్ ముందు లేము, ఉండవలసిన అవసరమూ రాలేదు. తొలి బీటా (పరీక్షకు ఇచ్చే ముందస్తు వెర్షన్) వేసవిలోనే వస్తుంది కాబట్టి, అది వచ్చిన వారంలోనే టెస్టుల వరుసలో చేర్చుకుని, తేడాలన్నీ ఆగస్టు చివరికల్లా సరిచేస్తాము. 18వ వెర్షన్‌లో ప్రోటోకాల్ 3.2 వచ్చింది, అందులో రద్దు కోసం ఇచ్చే రహస్య సంకేతం ఇక ఎప్పుడూ నాలుగు బైట్లే ఉండనవసరం లేదు. నాలుగే అని కోడ్‌లో పాతుకుపోయిన చోటు మాకు జూన్‌లో దొరికింది. చిన్న రిలీజ్‌లు ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో రెండవ గురువారం వస్తాయి, వాటికి ఆ వారాంతంలో ఒక గంట కేటాయిస్తే సరిపోతుంది.

మన సొంత రిలీజ్‌ను శుక్రవారం సాయంత్రం ఎన్నడూ చేయవద్దు. మార్పుల పట్టికను రిలీజ్ రోజున గుర్తుచేసుకుని రాయడం కాక, ప్రతి ప్యాచ్‌తో పాటే ఒక లైను రాయించాలి. వాడేవారి కోడ్‌ను విరిచే మార్పు ఎంత చిన్నదైనా ప్రధాన సంఖ్య పెరగాలి.

మనుషులు

లోపం తెలిపినవారికి మొదటి జవాబు ఏడు రోజుల్లో వెళ్లాలని మా నియమం, పరిష్కారానికి మాత్రం గడువు ఇవ్వము. మొదటి జవాబులో కృతజ్ఞత చెప్పి, సర్వర్ వెర్షన్, డ్రైవర్ వెర్షన్, లోపాన్ని చూపే ఇరవై లైన్లలోపు ప్రోగ్రామ్ అడుగుతాము. తెలుగులో రాసినవారికి తెలుగులోనే జవాబిస్తాము, తరువాత దాని సారాంశాన్ని ఇంగ్లీషులో జోడిస్తాము. కాలేజీ విద్యార్థులు మొదటి ప్యాచ్ పంపినప్పుడు వ్యాకరణ దోషాలు, ఖాళీల తేడాలు ఎత్తిచూపే పనిని యంత్రానికి వదిలేసి, మనిషి చెప్పవలసిన విషయాన్నే మనం చెప్పాలి: ఈ మార్పు ఎందుకు, ఇది ఎక్కడ తప్పవచ్చు. గదమాయించే పెద్ద కంపెనీల ఉద్యోగులూ వస్తారు. వారికి కూడా అదే ఏడు రోజులు, అదే మర్యాద. తొందర ఉన్న కంపెనీ తన ఉద్యోగి సమయాన్ని ఇచ్చి ప్యాచ్ రాయించవచ్చు, లేదా డబ్బు ఇవ్వవచ్చు. మన దేశంలో జెరోధా 2024 అక్టోబరులో ఏటా పది లక్షల డాలర్లతో ప్రకటించిన ఫ్లాస్/ఫండ్ లాంటి నిధులకు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

తోడు ఎంత అవసరమో, ఆ తోడును ఎంచుకోవడంలో ఓపిక అంతే అవసరం. ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీని ఒక్కరే నడుపుతుండగా, వేగం పెంచమని ఒత్తిడి పెట్టినవారు కొందరు, సాయం చేస్తూ రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించిన అజ్ఞాత వ్యక్తి మరొకరు. చివరకు ఆ వ్యక్తి చేతికే అధికారం వెళ్లి, 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి చేరింది. దూరంలోని సర్వర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు అరసెకను ఎక్కువ పడుతోందని పట్టించుకుని మార్చి 29న దాన్ని బయటపెట్టిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ పోస్ట్‌గ్రెస్ డెవలపర్ కావడం మాలాంటి వారికి గర్వకారణం. అక్కడ అలసిపోయిన మనిషిని తప్పుపట్టడం నాకు న్యాయమనిపించదు, ఆయన పక్కన ముందునుంచీ మరొకరు లేకపోవడమే లోటు. కాబట్టి అలసిపోకముందే, మంచి రోజుల్లోనే తోడును వెతకాలి. ముందు లోపాలను వర్గీకరించే హక్కు, కొన్ని నెలల తరువాత ప్యాచ్ కలిపే హక్కు, అన్నిటికన్నా చివర ప్రచురించే హక్కు ఇవ్వాలి. ప్రచురించే హక్కు ఎప్పుడూ కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. ఎవరైనా ఆరు నెలలు కనిపించకపోతే వారి హక్కులను వెనక్కు తీసుకుని, తిరిగి వచ్చిన రోజున ఇస్తామని ముందే రాసి పెట్టుకోవాలి. అలా రాసి ఉంటే తీసుకునేటప్పుడు ఎవరి మనసూ నొచ్చుకోదు.

రిలీజ్ చేసే విధానాన్ని మొదటి ఆదేశం నుంచి చివరి ప్రకటన వరకు ఒక పత్రంగా రాయండి, రాసినవారు కాక మరొకరు దాన్ని చూసి రిలీజ్ చేయాలి. మా దగ్గర చివరగా చేరిన సభ్యురాలు ఒక ఆదివారం ఉదయం నక్కలగుట్టలోని మా ఇంట్లో కూర్చుని తన మొదటి రిలీజ్ చేసింది. మిగతా ముగ్గురం కీబోర్డు ముట్టకుండా, అడిగినా నోరు విప్పకుండా పక్కన కూర్చున్నాము. పత్రంలో లేని సంగతి ఎదురై ఆమె ఏడు చోట్ల ఆగింది. ఆగిన ప్రతి చోటా ఏమి తక్కువైందో ఆమె చేతనే ఆ పత్రంలో రాయించాము. తరువాతి రిలీజ్‌ను ఆమె తన ఊరు జనగామ నుంచి, మాకెవరికీ ఫోన్ చేయకుండా, గంటలోపు ముగించింది.